పిల్లల కస్టడీ కేసులో నిజం ఎలా చెప్పాలి, అబద్ధపు ఆరోపణను ఎలా ఎదుర్కోవాలి: తల్లిదండ్రులకు సమగ్ర మార్గదర్శి

“ప్రతివాది ప్రతిరోజూ తాగి వచ్చి బాబును కొట్టేవాడు.”

నేను జూనియర్ లాయరుగా ఉన్న రోజుల్లో ఒక తల్లి తరఫున తయారు చేసిన చీఫ్ అఫిడవిట్‌లో, అంటే ప్రమాణం చేసి కోర్టుకు రాసిచ్చే సాక్ష్యంలో, ఈ వాక్యం ఉంది. ఆమె నాకు చెప్పింది ఇది కాదు. దసరా ముందు రోజు రాత్రి భర్త తాగి వచ్చాడని, అన్నం తినలేదని ఆరేళ్ల బాబును బెల్టుతో రెండు దెబ్బలు వేశాడని, తెల్లారి ఆస్పత్రికి తీసుకెళ్తే వీపు మీది వాతల గురించి డాక్టరు ఓపీ చీటీలో రాశాడని చెప్పింది. అది పక్కన పెట్టి, పాత ఫైలులోని పేరా తెచ్చి అతికించాను. అలా రాస్తేనే కేసు గట్టిగా నిలబడుతుందని అప్పట్లో నమ్మాను.

క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలి లాయరుగారు అడిగినవి నాలుగే ప్రశ్నలు.

“మీ ఆయనది నైట్ షిఫ్ట్ ఉద్యోగమేనా అమ్మా?”

“అవునండీ.”

“నెలలో ఎన్ని రాత్రులు డ్యూటీ?”

“పదిహేను దాకా ఉంటాయండీ.”

“ఆ పదిహేను రాత్రులూ ఇంట్లోనే లేని మనిషి ప్రతిరోజూ తాగి వచ్చి ఎలా కొట్టాడు?”

ఆమె నావైపు చూసింది.

“అయితే మీరు ప్రమాణం చేసి రాసింది అబద్ధం. అంతేనా?”

బెల్టు దెబ్బ నిజం. ఓపీ చీటీ కూడా మా చేతిలోనే ఉంది. కానీ ఆ నాలుగు ప్రశ్నల తర్వాత దాన్ని చూపిస్తే, అదీ అల్లిందేనేమో అన్నట్టు చూశారు. నిజంగా దెబ్బ తిన్న పిల్లవాడి మాట, నేను రాసిన “ప్రతిరోజూ” అనే ఒక్క మాట కింద పడి నలిగిపోయింది.

కస్టడీ కేసుల్లో అబద్ధం అనగానే పూర్తిగా కట్టుకథ అల్లేవాళ్లే గుర్తొస్తారు. అలాంటివాళ్లు లేకపోలేదు. అంతకంటే ఎక్కువగా నేను చూసింది గోరంతను కొండంత చేసినవాళ్లను, విన్నదాన్ని కళ్లారా చూసినట్టు రాసినవాళ్లను, భయాన్ని జరిగిన సంగతిగా చెప్పినవాళ్లను. ఆరోపణ చేయబోతున్నవారికీ, ఆరోపణ మీద పడినవారికీ ఇద్దరికీ పనికొచ్చేలా రాస్తున్నాను.

ముందుగా: జడ్జిగారు చూసేది ఏమిటి

బిడ్డ ఎవరి దగ్గర ఉండాలన్న ప్రశ్న మన ఫ్యామిలీ కోర్టుల్లో ఎక్కువగా గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం, 1890 కింద వేసే పిటిషన్‌గా, అంటే జీడబ్ల్యూఓపీగా వస్తుంది. విడాకుల పిటిషన్ నడుస్తుంటే హిందూ వివాహ చట్టం సెక్షన్ 26 కింద అందులోనే అడగొచ్చు. హిందువులకు 1956 నాటి మైనారిటీ అండ్ గార్డియన్‌షిప్ చట్టం కూడా వర్తిస్తుంది. దాని సెక్షన్ 6 ప్రకారం అయిదేళ్లు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గర ఉండాలి. సెక్షన్ 13 ప్రకారం అన్నింటికంటే పైన ఉండేది బిడ్డ సంక్షేమం. తండ్రి తర్వాతే తల్లి సహజ సంరక్షకురాలు అన్న పాత అర్థాన్ని గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు 1999లోనే మార్చింది.

కాబట్టి భార్యాభర్తల్లో తప్పెవరిదో తేల్చడం కస్టడీ కేసు పని కాదు. మీ ఆయన మిమ్మల్ని మోసం చేసి ఉండొచ్చు, మీ ఆవిడ మీ అమ్మను మాటలతో హింసించి ఉండొచ్చు. అవి బిడ్డ తిండికి, చదువుకు, నిద్రకు, భద్రతకు ఎక్కడ తగులుతున్నాయో చూపించలేకపోతే జీడబ్ల్యూఓపీలో వాటికి బరువు తక్కువ. ఇది అర్థమైతే సగం అనవసర ఆరోపణలు కాగితం ఎక్కకముందే రాలిపోతాయి.

అడుగు 1: కాగితం మీద పెట్టకముందే జల్లెడ పట్టండి

ఒక తెల్ల కాగితం తీసుకుని అవతలివారి మీద మీకున్న ఫిర్యాదులన్నీ రాయండి. ఒక్కో వాక్యం పక్కన ఇది నాకెలా తెలుసో రాయండి. కళ్లారా చూశాను, బిడ్డ చెప్పింది, పక్కింటావిడ చెప్పింది, అలా జరిగి ఉంటుందని అనుకుంటున్నాను. ఈ నాలుగింటిలో ఏదో ఒకటి పడుతుంది.

మొదటి రకం మీ సాక్ష్యం. రెండో రకాన్ని ఎలా పట్టుకోవాలో అడుగు 5లో చెబుతాను. మూడో రకానికి ఆ పక్కింటావిడ కోర్టుకు వచ్చి చెప్పాలి. ఆవిడ రానంటే ఆ వాక్యం మీ పేరు మీద పెట్టుకోవద్దు. నాలుగోది కొట్టేయండి. కొట్టేయడానికి మనసొప్పదు. “అతనికి ఇంకొకరితో సంబంధం ఉంది” అని మీకు నమ్మకంగా అనిపించొచ్చు. కానీ చూపించగలిగింది రాత్రి పదకొండింటికి వచ్చిన రెండు మిస్డ్ కాల్స్ మాత్రమే అయితే, మీ దగ్గరున్నది ఆ మిస్డ్ కాల్సే.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. రుజువు కాని ఆరోపణ, అబద్ధపు ఆరోపణ ఒకటి కాదు. నాలుగు గోడల మధ్య జరిగిన దెబ్బకు సాక్షి ఉండకపోవచ్చు. ఆధారం లేదని నిజాన్ని దాచుకోమని నేను అనను. మీరు చూసింది, మీ ఒంటి మీద పడింది, మీ మాటగా చెప్పండి. ఎంత జరిగిందో అంతే చెప్పండి. చాలు.

అడుగు 2: నోట్‌బుక్ పెట్టండి

ఈ రోజు నుంచే. తేదీ, టైము, చోటు, ఎవరున్నారు, ఏం జరిగింది, మీరు ఏం చేశారు. జరిగిన రోజే రాయండి. ఆర్నెల్ల తర్వాత కూర్చుని ఒకే పెన్నుతో, ఒకే తీరు రాతతో నింపిన డైరీని క్రాస్‌లో ఇట్టే పట్టేస్తారు.

అవతలివారు బిడ్డకు చేసిన మంచి కూడా అదే నోట్‌బుక్‌లో రాయండి. ఆదివారం పాపను ఈతకు తీసుకెళ్లాడు, సాయంత్రం 6 గంటలకు చెప్పిన టైముకే దింపాడు. ఇలాంటి పంక్తులు పది ఉన్న పుస్తకంలో పదకొండో పంక్తి “ఈ రోజు తాగి కారు నడిపాడు” అయితే దాన్ని నమ్మకుండా ఉండటం కష్టం.

అడుగు 3: అఫిడవిట్ రాయడం

నాకు బాగా తెలిసింది ఇక్కడే. కేసులు ఎక్కువగా పాడయ్యేదీ ఇక్కడే.

లాయరు దగ్గరకు వెళ్లినప్పుడు “మీరే ఏదో ఒకటి రాయండి సార్, మీకు తెలియందేముంది” అనకండి. మీ కాగితం ఇచ్చి, అందులో లేనిది చేర్చొద్దని చెప్పండి. మా వృత్తిలో అందరి కంప్యూటర్లలోనూ తయారు పేరాలు ఉంటాయి: “శారీరకంగా, మానసికంగా చిత్రహింసలకు గురిచేశాడు”, “పిల్లల బాగోగులు ఏనాడూ పట్టించుకోలేదు”. మీ కాగితంలో ఇలాంటివి కనిపిస్తే ఆగండి. ఏనాడూ పట్టించుకోలేదా? బడి ఫీజు రసీదు ఎవరి పేరు మీద ఉంది? టీకాలకు ఎవరు తీసుకెళ్లారు?

ఒక వాక్యాన్ని ఎలా దిద్దాలో చూపిస్తాను. ఒక తండ్రి ఇలా రాసుకొచ్చాడు: “ఆమె పిల్లను అసలు చూసుకోదు, ఎప్పుడూ ఫోనులోనే ఉంటుంది, పాప చదువు నాశనమైంది.” నేను అడిగాను. ఏ తరగతి? రెండు. నాశనమైందని ఎలా తెలుసు? మార్కులు తగ్గాయి. ఎంత? జూన్ నుంచి నవంబరు దాకా 21 రోజులు బడికి పోలేదు. ఎవరు చెప్పారు? హాజరు వివరాలు బడివాళ్లే ఇచ్చారు. ఆ రోజుల్లో పాపకు ఒంట్లో బాగోలేదా? అయిదు రోజులు జ్వరం, నిజమే. చివరికి వాక్యం ఇలా తేలింది: “జూన్ నుంచి నవంబరు వరకు పాప 21 రోజులు బడికి వెళ్లలేదు. అందులో 5 రోజులు జ్వరం. మిగిలిన 16 రోజులకు కారణం నాకు తెలియదు. బడి ఇచ్చిన హాజరు పత్రం జత చేస్తున్నాను.” మొదటి వాక్యాన్ని క్రాస్‌లో ఒక్క నిమిషంలో పడగొట్టొచ్చు. రెండోదాన్ని పడగొట్టడానికి ఏమీ లేదు. పైగా ఆ 16 రోజుల గురించి జవాబు చెప్పాల్సిన బాధ్యత ఇప్పుడు తల్లి మీద పడింది. తీరా చూస్తే ఆమెకు చెప్పుకోదగ్గ కారణమే ఉండొచ్చు. ఉంటే అది కూడా బయటకు రావాల్సిందే.

అవతలి తల్లి లేదా తండ్రి గురించి నిజమైన మంచి ఒక్కటైనా మీ అఫిడవిట్‌లో ఉండనివ్వండి. “బిడ్డకు తండ్రి అంటే ప్రాణం” అన్నది నిజమైతే రాయండి. అది మీ కేసును తగ్గించదు. బిడ్డకు ఇద్దరూ కావాలని ఈ మనిషికి తెలుసు అని జడ్జిగారికి అర్థమవుతుంది.

సంతకానికి ముందు ప్రతి పేరా తెలుగులో చదివించుకోండి. కాగితం ఇంగ్లిష్‌లో ఉంటుంది, కింద “తెలుగులో చదివి వివరించగా అర్థం చేసుకున్నాను” అని ఉంటుంది, నిజానికి ఎవరూ చదివి వినిపించి ఉండరు. రేపు బోనులో నిలబడేది లాయరు కాదు, మీరు. “లాయరుగారు రాశారు, నాకు తెలియదు” అన్న జవాబు మిమ్మల్ని కాపాడదు.

ఆదాయం గురించి కూడా రెండు మాటలు. కస్టడీతో పాటు భరణం కూడా అడిగితే, 2020 నవంబరులో రజనీష్ వర్సెస్ నేహా తీర్పులో సుప్రీంకోర్టు చెప్పినట్టు ఇద్దరూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ వేయాలి. ఉద్యోగం ఉండి లేదనడం, జీతంలో సగమే చూపించడం ఇక్కడ మామూలైపోయింది. బ్యాంకు స్టేట్‌మెంట్ ఒక్కటి చాలు, అది బయటపడుతుంది. డబ్బు విషయంలో అబద్ధమాడిన మనిషి బిడ్డ విషయంలో చెప్పిన నిజాన్నీ కోర్టు అనుమానంగానే చూస్తుంది.

అడుగు 4: ఆధారాలు కత్తిరించకండి

ఫ్యామిలీ కోర్టుల చట్టం, 1984 సెక్షన్ 14 ప్రకారం వివాదం తేల్చడానికి పనికొస్తుందనుకుంటే, సాక్ష్య చట్టం ఒప్పుకోని కాగితాన్ని కూడా ఆ కోర్టు తీసుకోగలదు. అలాగని ఏది పడితే అది పెట్టమని కాదు. తీసుకోవడం వేరు, నమ్మడం వేరు.

వాట్సాప్ చాట్‌లో మీకు పనికొచ్చే మూడు మెసేజ్‌ల స్క్రీన్‌షాట్ పెడతారు. అవతలివారు ఆ ముందు పది, వెనక పది తెచ్చి పెడతారు. అప్పుడు దాచిందేమిటో అన్న ప్రశ్న వస్తుంది. మొత్తం చాట్ ఎక్స్‌పోర్ట్ చేసి, ఫోను మార్చకుండా, ఫార్మాట్ చేయకుండా ఉంచండి. భారతీయ సాక్ష్య అధినియం, 2023 సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి. అందులో రెండు భాగాలుంటాయి. ఒకటి ఫోను వాడే మనిషిది, రెండోది నిపుణుడిది. ఫైలు హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే కోడ్) కూడా అందులో రాయాలి.

భార్యాభర్తలు చాటుగా రికార్డు చేసిన ఫోను మాటలను దాంపత్య వివాదాల్లో సాక్ష్యంగా తీసుకోవచ్చని 2025 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు పట్టుకుని బిడ్డ బ్యాగులో రికార్డర్ పెట్టినవాళ్లను చూశాను. దయచేసి ఆ పని చేయకండి. నాన్న ఇంటికి వెళ్లే బిడ్డను గూఢచారిని చేస్తే, ఆ రికార్డింగులో ఏమున్నా ముందు ప్రశ్న మీకే వస్తుంది.

అడుగు 5: బిడ్డ ఏదైనా చెప్పినప్పుడు

శనివారం వెళ్లి ఆదివారం వచ్చిన పాప స్నానం చేయిస్తుంటే ఒక మాట అంటుంది. మీ గుండె జారిపోతుంది. ఆ తర్వాతి పది నిమిషాల్లో మీరు చేసేదాని మీద చాలా ఆధారపడి ఉంటుంది, నిజంగా హాని జరిగినా, జరగకపోయినా.

ముఖంలో భయం కనపడనివ్వకండి. “అలాగా, ఏం జరిగిందో చెప్పు నాన్నా” అని ఒక్కసారి అడగండి. “నాన్న ఇక్కడ ముట్టుకున్నాడా?” అని మాత్రం అడగకండి. చిన్నపిల్లలు అమ్మ ముఖం చూసి, ఏం చెబితే అమ్మ ఊరుకుంటుందో అది చెప్పేస్తారు. అదే ప్రశ్న అయిదుసార్లు అడిగితే మొదట చెప్పింది తప్పేమో అనుకుని జవాబు మారుస్తారు. అలా మారాక అసలు ఏం జరిగిందో ఎవరికీ దొరకదు. నేరం నిజంగా జరిగి ఉంటే, మీ ప్రశ్నలే నేరస్థుడిని కాపాడే అడ్డుగోడ అవుతాయి.

బిడ్డ అన్న మాటలు బిడ్డ అన్నట్టే రాయండి. పాప “బుల్లిదాని దగ్గర మంట” అంటే అదే రాయాలి, మీరు పెద్దల మాటల్లోకి మార్చకూడదు. తేదీ, టైము, అప్పుడు మీరు అడిగిన ప్రశ్న కూడా రాయండి. తర్వాత డాక్టరు దగ్గరకు. పాపకు చెమటకాయలో, మూత్రంలో ఇన్‌ఫెక్షనో ఉండొచ్చు, ఘోరమైనదే జరిగి ఉండొచ్చు. తేల్చాల్సింది మీరు కాదు.

లైంగిక హాని జరిగిందన్న భయం ఉంటే చెప్పడం మీ ఇష్టం కాదు, బాధ్యత. పిల్లలపై లైంగిక నేరాల కోసం వచ్చిన పోక్సో చట్టం, 2012 సెక్షన్ 19 ప్రకారం తెలిసినవారెవరైనా పోలీసులకు చెప్పాలి. మంచి మనసుతో చెప్పినవారి మీద ఏ బాధ్యతా రాదని అదే సెక్షన్‌లో ఉంది. రేపు రుజువు కాకపోతే నన్ను జైల్లో పెడతారేమో అన్న భయంతో ఆగిపోకండి. అదే చట్టం సెక్షన్ 22లోని శిక్ష, అంటే ఆరు నెలల వరకు జైలు లేదా జరిమానా, కేవలం అవమానించడానికో బెదిరించడానికో డబ్బు గుంజడానికో పరువు తీయడానికో అబద్ధపు ఫిర్యాదు చేసినవారికి. బిడ్డకైతే ఆ శిక్ష ఉండదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోను చేయొచ్చు. అత్యవసరమైతే 112. బిడ్డ వాంగ్మూలం బిడ్డ ఇంట్లోనో బిడ్డ కోరిన చోటో, వీలైనంతవరకు మహిళా పోలీసు అధికారి తీసుకోవాలి.

బిడ్డ చెబుతున్నది వీడియో తీసి కుటుంబం గ్రూపులో పెట్టకండి. పోక్సో కేసులో బిడ్డ ఎవరో బయటపెట్టడం సెక్షన్ 23 కింద నేరం.

అడుగు 6: అబద్ధపు ఆరోపణ మీ మీద పడితే

నోటీసు చదవగానే రక్తం మరుగుతుంది. ఆ రాత్రి ఏ మెసేజూ పంపకండి, ఎవరికీ ఫోను చేయకండి, అత్తగారింటి ముందుకు వెళ్లి నిలబడకండి. అబద్ధపు ఆరోపణకు ఆ రాత్రి మీరు పంపిన మెసేజే మొదటి నిజమైన ఆధారం అయిన కేసులు ఉన్నాయి.

మరునాడు కాగితాలు వేరు చేయండి. కస్టడీ పిటిషన్ ఒకటి, గృహహింస చట్టం, 2005 కింద మెజిస్ట్రేటు దగ్గర వేసింది ఇంకొకటి (దాని సెక్షన్ 21 కింద తాత్కాలిక కస్టడీ అక్కడే ఇవ్వొచ్చు), పోలీసు కేసు ఇంకొకటి. వేధింపుల కేసు ఇదివరకు ఐపీసీ 498ఎ. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 85. అరెస్టు అనివార్యం కాదు. 2014లో అర్నేశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన పద్ధతి ప్రకారం ముందు నోటీసు ఇచ్చి పిలవాలి. ఇప్పుడది సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 35(3). పిలిచిన తేదీకి తప్పకుండా వెళ్లండి. పోక్సో కేసైతే ఒక్క రోజు కూడా ఆగకుండా క్రిమినల్ లాయరును కలిసి ముందస్తు బెయిలు గురించి మాట్లాడండి.

ఇక కౌంటర్, అంటే పిటిషన్‌కు మీరు రాసిచ్చే జవాబు. “పిటిషన్‌లోని ఆరోపణలన్నీ అబద్ధం, కల్పితం” అని ఒక్క వాక్యంతో సరిపెట్టొద్దు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 8 ప్రకారం ఏ మాటకు ఆ మాట విడిగా కాదనాలి. కాదనని మాట ఒప్పుకున్నట్టే లెక్క. పేరా వారీగా వెళ్లండి. నిజమైన చోట నిజమేనని రాయండి. “ఆ రోజు గొంతు పెంచిన మాట నిజం. చేయి చేసుకోలేదు.” ఈ ఒక్క ఒప్పుకోలు మిగతా పది నిరాకరణలకు ప్రాణం పోస్తుంది. తర్వాత ఆ తేదీన మీరు ఎక్కడున్నారో చూపించే కాగితం పెట్టండి: ఆఫీసు హాజరు, రైలు టికెట్టు, ఆస్పత్రి బిల్లు.

ప్రతీకారంగా మీరూ ఒక ఆరోపణ కల్పించకండి. భర్త తాగుబోతని భార్య వేస్తే, భార్య పిచ్చిదని భర్త వేస్తాడు. ఇలాంటి ఫైళ్లు రెండువైపులా నమ్మకం పోగొట్టి, బిడ్డను మూడేళ్లు వాయిదాల మీద తిప్పుతాయి. మానసిక సమస్యకు మందులు వాడటం ఎవరినీ చెడ్డ తల్లిగా, చెడ్డ తండ్రిగా చేయదు. మందులు వేసుకోవడం లేదన్నదీ, దానివల్ల బిడ్డకు ఏమైందన్నదీ మాత్రమే సంగతి.

అన్నిటికంటే కష్టమైన సలహా ఇది: పర్యవేక్షణలో చూడమన్నా ఒప్పుకోండి. కోర్టు ఆవరణలోని పిల్లల గదిలో, ఎవరో చూస్తుండగా, నెలకు రెండు శనివారాలు గంటన్నర మీ కన్నబిడ్డను కలవడం అవమానంగా ఉంటుంది. నా దగ్గరకు వచ్చిన ఒక తండ్రి మొదట అలాగైతే చూడనే చూడనన్నాడు. నచ్చజెప్పాక వెళ్లాడు. ప్రతిసారీ పాపకు ఇష్టమైన వేరుశనగ ఉండలు ఒక డబ్బాలో తెచ్చేవాడు. తల్లి గురించి ఒక్క మాట అడిగేవాడు కాదు. ఎనిమిది నెలల తర్వాత ఆ గదిలో ఉండే కౌన్సెలర్ రాసిన నివేదికలో, పాప తండ్రిని చూడగానే పరుగెత్తుకెళ్తుందని ఉంది. ఆరోపణకు ఆయన ఇచ్చిన జవాబుల్లో అంత బలమైనది మా కౌంటర్లో కూడా లేదు.

పోలీసు కేసు కొట్టేసినంత మాత్రాన ఆరోపణ అబద్ధమని తేలినట్టు కాదు. అక్కడ అనుమానానికి తావులేని రుజువు కావాలి, ఫ్యామిలీ కోర్టులో ఎటువైపు మొగ్గు ఉందో చూస్తారు. ఎఫ్‌ఐఆర్ ఉన్నంత మాత్రాన కస్టడీ పోయినట్టూ కాదు. 2024 డిసెంబరులో తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులో తేదీ, సంఘటన లేకుండా కుటుంబం మొత్తాన్ని కలిపి వేసిన ఆరోపణలను సుప్రీంకోర్టు కొట్టేసింది. నిజంగా హింసకు గురైన స్త్రీ నోరు మూసుకోవాలని మా ఉద్దేశం కాదని అదే తీర్పులో చెప్పింది. ఆ రెండో మాట చాలామంది చదవరు.

అడుగు 7: బిడ్డకు నూరిపోయకండి

జడ్జిగారు బిడ్డను ఛాంబర్‌లోకి పిలిచి మాట్లాడతారు. 1890 చట్టం సెక్షన్ 17 ప్రకారం తెలివిగా ఇష్టం చెప్పగలిగే వయసు వస్తే బిడ్డ మాటను పరిగణించవచ్చు. ఆ వయసు ఇంత అని చట్టం చెప్పలేదు. ఏడేళ్ల పిల్లాడు “నాన్న మాకు మెయింటెనెన్స్ ఇవ్వడు” అన్నాడంటే ఆ మాట ఎక్కడిదో అందరికీ తెలుస్తుంది.

బిడ్డను ఒకరి మీదికి ఎగదోయడం గురించి సుప్రీంకోర్టు 2017లో గట్టిగానే హెచ్చరించింది. 2024 మేలో మరో తీర్పులో, తొందరపడి ఎవరికీ ఆ ముద్ర వేయొద్దని, అలా ఎగదోసే పనులు నిజంగా జరిగాయో లేదో చూడాలని చెప్పింది. కాబట్టి బిడ్డ మీ దగ్గరకు రానంటే వెంటనే “ఆమె నేర్పింది” అనకండి. మీ ఇంట్లో ఏదైనా భయపెట్టిందా అని ముందు మిమ్మల్ని మీరు అడగండి.

అడుగు 8: బోనులో

ప్రశ్న పూర్తిగా విని, అడిగినదానికే జవాబు చెప్పండి. తెలియకపోతే తెలియదనండి, గుర్తులేకపోతే గుర్తులేదనండి. “అవతలాయన మంచి తండ్రే కదా?” అని అడిగితే, మంచివాడైన చోట అవుననండి. ఇంతకంటే కిటుకేమీ లేదు.

అడుగు 9: తప్పు రాశానని తెలిస్తే

నేను ఆ తల్లి కేసులో చేయాల్సింది, చేయనిది ఇదే. అఫిడవిట్‌లో తప్పు ఉందని క్రాస్‌కు ముందే తెలిస్తే సవరణ పిటిషన్ వేయాలి, లేదా అదనపు అఫిడవిట్‌లో రాయాలి: “నా చీఫ్ అఫిడవిట్ 7వ పేరాలో ప్రతిరోజూ అని ఉంది. అది సరికాదు. నేను చూసింది ఫలానా తేదీ రాత్రి జరిగినది.” లాయర్లు వద్దంటారు, కేసు బలహీనపడుతుందంటారు. మీ అంతట మీరు సరిదిద్దుకున్న తప్పు పొరపాటుగా మిగులుతుంది. అవతలివారు పట్టుకున్న తప్పు అబద్ధమవుతుంది.

అడుగు 10: అబద్ధ సాక్ష్యం మీద చర్య

ఇదివరకటి సీఆర్‌పీసీ 340, ఇప్పటి నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 379. అబద్ధం చెప్పిన కోర్టులోనే దరఖాస్తు వేయాలి. కేసు పెట్టడం న్యాయం కోసం అవసరమని ఆ కోర్టుకు అనిపిస్తేనే ముందుకు పోతుంది. నేరం రుజువైతే న్యాయ సంహిత సెక్షన్ 229 కింద ఏడేళ్ల వరకు జైలు ఉంది. రెండు మాటలకు పొంతన కుదరకపోతే చాలదు. తెలిసీ, కావాలనే, కేసులో ముఖ్యమైన విషయం మీద అబద్ధమాడినట్టు కాగితంతో చూపాలి. ఉద్యోగం లేదని ప్రమాణం చేసిన నెలలోనే జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్ అలాంటిది.

నా సలహా: కస్టడీ మీద ఉత్తర్వు వచ్చేదాకా దీన్ని ఆపండి. మధ్యలో వేస్తే అసలు విచారణ పక్కకు పోతుంది, బిడ్డ ఇంకో ఏడాది ఆగాలి. పైగా మీరు జైలుకు పంపాలనుకుంటున్నది మీ బిడ్డ తల్లినో తండ్రినో. పోక్సో లాంటి ఘోరమైన ఆరోపణ తెలిసీ అల్లినప్పుడు నేనే వేయమంటాను. మిగతావాటికి, అబద్ధం బయటపడటంతోనే కోర్టులో దాని పని అయిపోతుంది.

విదేశాల్లో ఉన్నవారికి

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఒక కేసు, హైదరాబాద్‌లో ఇంకో కేసు నడిచే తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఒక దేశం నుంచి ఇంకో దేశానికి తీసుకెళ్లిపోయిన బిడ్డను వెనక్కి పంపడం గురించిన 1980 నాటి హేగ్ ఒప్పందంలో భారత్ లేదు. అక్కడి ఉత్తర్వును ఇక్కడి కోర్టు పరిగణిస్తుంది, కానీ బిడ్డ సంక్షేమాన్ని తానే విడిగా చూస్తుంది. అక్కడ వేసిన డిక్లరేషన్, ఇక్కడ వేసిన అఫిడవిట్ పక్కపక్కన పెట్టి చదువుతారు. రెండింటినీ ఒకే మనిషి చేత కలిపి చదివించి, తేదీలు సరిచూశాకే సంతకం చేయండి. బిడ్డ దూరంగా ఉన్నా వీడియో కాల్‌లో మాట్లాడే ఏర్పాటు ఉండాలని 2020 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. తేడా పడే గంటలు లెక్కేసి, టైము ఉత్తర్వులోనే రాయించుకోండి.

లాయరు పెట్టుకోలేకపోతే

15100కి ఫోను చేయండి, లేదా మీ కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయరును ఇస్తారు. ఇంట్లో హింస ఉంటే 181. దెబ్బలు తింటూ, “అబద్ధం అంటారేమో” అని ఆగిపోయినవారు ఇది చదువుతుంటే, ఈ రోజే చేయండి.

ఉత్తర్వు వచ్చాక

సర్టిఫైడ్ కాపీ తీసుకుని, బిడ్డను దించే టైము, చోటు, పండగ సెలవుల పంపకం ఒక కాగితం మీద తెలుగులో రాసి ఫ్రిజ్ మీద అంటించండి. అప్పీలుకు గడువు 30 రోజులు, హైకోర్టులో. కస్టడీ ఉత్తర్వు రాతి మీద గీత కాదు. పరిస్థితులు మారితే మార్చమని అడగొచ్చని సుప్రీంకోర్టు 1973 నుంచే చెబుతోంది. అందుకే నోట్‌బుక్ మూసేయకండి. మొదటి శనివారం బిడ్డను దింపినప్పుడు టైము రాయండి. మీరు పది నిమిషాలు ఆలస్యమైతే అది కూడా రాయండి.